కాదనని క్లాసు

"సగం మంది చాలండి మేడమ్ గారూ," అన్నారు ప్రిన్సిపాల్ గణపతి గారు, బిస్కెట్ల ప్లేటు నా వైపు జరుపుతూ. "అంతకంటే అడగడం లేదు."

ఉద్యోగం పోతుందని చెప్పే ముందు కూడా క్రీమ్ బిస్కెట్లు పెట్టే గోదావరి సీమ ఇది. ఇన్నేళ్ళయినా నాకు అలవాటు కాలేదు. నేను పుట్టి పెరిగింది ధర్మవరంలో. అక్కడ తిట్టదలుచుకుంటే నిలబెట్టి తిడతారు. పని అయిపోతుంది.

"స్టాటిస్టిక్స్ ఫైనలియర్ సంగతి మీకు తెలిసిందే కదండి. ఈ సెమిస్టరు సగం మందైనా గట్టెక్కకపోతే ఆ గ్రూపు తీసేసి కంప్యూటర్స్ పెడదామని మేనేజ్‌మెంటు వారు అనుకుంటున్నారు. గ్రూపు లేకపోతే మరి..." ఆయన ఆగిపోయారు. "తీసుకోండి, తీసుకోండి. ఒక్కటే తీసుకున్నారు!"

గ్రూపు లేకపోతే, దానికున్న ఒకే ఒక్క లెక్చరర్‌ని, నేనూ ఉండను. ఆ మాట ఆయన నోటితో అనరు. నేనే అర్థం చేసుకుని, ఆయన నొచ్చుకోకుండా ఇంకో బిస్కెట్ తిని, లేచి రావాలి.

జూలై నెల. కాలేజీ వరండా రేకుల మీద వాన దరువేస్తోంది. నేను నేరుగా క్లాసుకి వెళ్ళాను.

నా క్లాసు మంచి క్లాసు. నా బాధంతా అదే. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే అందరూ లేచి నిలబడతారు. అల్లరి చెయ్యరు. వెనక బెంచీలోంచి కూత వెయ్యరు. పాఠం చెప్పి, "అర్థమైందా?" అంటే, అందరూ ఒక్క గొంతుతో "ఆయ్!" అంటారు.

"డౌట్లేమైనా ఉన్నాయా?"

"అబ్బెబ్బే, లేవండి."

"రేపు టెస్టు. అందరూ వస్తారా?"

"ఆయ్!"

మర్నాడు వెళ్తే బెంచీలూ, నేనూ, వానా. వచ్చిన నలుగురైదుగురూ తెల్ల కాగితాలు ఇచ్చి, "వెళ్ళొస్తామండి మేడమ్ గారూ" అని చెప్పి మరీ వెళ్ళారు.

తిరగబడే క్లాసుతో పోరాడొచ్చు. తల ఊపే క్లాసుతో ఎలా పోరాడాలి?

కాలేజీ వాళ్ళు నన్ను అంతకు ముందే విశాఖపట్నంలో ఒక శిక్షణకి పంపారు. విద్యార్థుల్లో ఆసక్తి పెంచే బోధనా పద్ధతులు. ఏసీ హాలు, మెడలో పేరు రాసిన బిళ్ళ, చేతికో ఫైలు. ఆ ఫైల్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా బయటికి తీశాను.

మొదటిది: వాళ్ళ లక్ష్యం వాళ్ళచేతే చెప్పించండి. చెప్పించాను. మగపిల్లలు కువైట్, మస్కట్, దోహా అన్నారు. ఆడపిల్లలు నవ్వి ఊరుకున్నారు. ఒకడు, "మేడమ్ గారు ఏదంటే అదేనండి" అన్నాడు.

రెండోది: బాగా చేసినవాళ్ళని అందరి ముందూ మెచ్చుకోండి. ఆత్రేయపురం నుంచి వచ్చే సత్యదుర్గ ఒక లెక్క చక్కగా చేసింది. క్లాసు చేత చప్పట్లు కొట్టించాను. వారం తిరిగేసరికి ఆ పిల్ల కళ్ళ కింద నల్లటి వలయాలు.

"ఏమైంది దుర్గా? నిద్రపోవడం లేదా?"

"ఏం లేదండి. రికార్డులు రాస్తున్నానండి."

"నీ రికార్డు ఎప్పుడో ఇచ్చేశావు కదా?"

"నాది కాదండి. అందరివీనండి. దుర్గకి బాగా వచ్చునని మీరు చెప్పేరు కదండి. అందుకని అందరూ తెచ్చి ఇచ్చేరు. కాదంటే ఏం బాగుంటుందండి?"

నా మెచ్చుకోలు ఆ పిల్లని క్లాసు మొత్తానికి గుమాస్తాని చేసింది. ఆ నెల టెస్టులో తనకే మార్కులు తగ్గాయి.

మూడోది: విద్యార్థుల ఇళ్ళకు వెళ్ళండి, తల్లిదండ్రులతో మాట్లాడండి.

నేను చేసిన పెద్ద పొరపాటు ఇక్కడే ఉంది. వెంట మా అత్తగారిని తీసుకెళ్ళాను.

తీసుకెళ్ళడం కాదు, ఆవిడే బయల్దేరారు. మా ఆయన మోహన్ ఏలూరు బ్యాంకులో పనిచేస్తారు, శనివారం వచ్చి సోమవారం వెళ్తారు. కొత్తపేటలో మేడమీద వాటాలో నేనూ, మా అత్తగారు మంగాయమ్మ గారూ ఉంటాం. "ఊరుకాని ఊరు పిల్లవి, ఒక్కదానివీ నలుగురిళ్ళకీ ఎలా వెళ్తావమ్మా? నేనొస్తానుండు," అని ఆవిడ పట్టుచీర కట్టేశారు.

సత్యదుర్గ వాళ్ళింట్లో వాళ్ళమ్మ కుండ మీద పల్చని పూతరేకు తీస్తోంది. నేను సంచిలోంచి హాజరు కాగితం తీసేలోపు మా అత్తగారు పీట వాల్చుకుని కూర్చున్నారు.

"పుట్టిల్లు ఏ ఊరమ్మా?"

"ముంగండండి."

"ముంగండా! ముంగండలో మా ఆడపడుచు గారి తోటికోడలు..."

అంతే. నేను కాఫీ తాగి, పూతరేకులు తిని, ఇంకో పొట్లం సంచిలో పెట్టించుకుని, దుర్గ చదువు గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడకుండా బయటపడ్డాను. వెళ్ళేటప్పుడు ఆ అమ్మాయికి లెక్చరర్‌ని. వచ్చేటప్పటికి పిన్నినయ్యాను.

ప్రతి ఇంట్లోనూ ఇదే వరస. పనసతొనలు, బొబ్బట్లు, కొబ్బరి బొండాలు. చుట్టరికాలు. ఉప్పు తిన్న ఇంటి పిల్లవాడికి ఆబ్సెంటు ఎలా వెయ్యను?

ఆఖరున ధర్మరాజు వాళ్ళింటికి వెళ్ళాం. వాడిది గోదావరి పాయ అవతల లంక ఊరు. వరద తీసింది గానీ కాజ్‌వే ఇంకా నీళ్ళలోనే ఉంది. పడవలో దాటాం. వాడు క్లాసులో కిటికీ పక్కన కూర్చుంటాడు. పొడుగ్గా ఉంటాడు. నాతో "ఆయ్" తప్ప ఇంకో మాట మాట్లాడగా నేను వినలేదు.

వాళ్ళమ్మ వీరాయమ్మ గారు మా కోసం రేవు దాకా ఎదురొచ్చారు. మా అత్తగారు బురదలో కాలు పెట్టకముందే పుట్టింటి ఊరు అడిగారు. రాజోలు పక్కనే. మా అత్తగారి పుట్టిల్లూ అటే. ఇద్దరూ గట్టెక్కేసరికి ఆవిడ వీరాయమ్మకి పిన్ని అయిపోయారు, ధర్మరాజుకి మామ్మ, నేను అత్తయ్య.

భోజనాల దగ్గర వీరాయమ్మ గారు మొదటిసారి అసలు సంగతి ఎత్తారు.

"వీళ్ళ నాన్నగారు మస్కట్‌లో ఉన్నారండి పిన్ని గారూ. డిగ్రీ పాసైతే వీడికి స్టోర్సులో సూపర్‌వైజరు పని చూస్తానంటున్నారు. ఫెయిలైతే తనలాగే ఎండలో ఇనుము మొయ్యాలిటండి. అక్కడి ఎండలు మామూలువి కాదంటండి. వీడేమో అడిగితే ఆయ్ అంటాడు, పుస్తకం ముట్టడు."

ధర్మరాజు తల వంచుకుని నాకు గుమ్మడికాయ పులుసు వడ్డిస్తున్నాడు.

నేను నోరు తెరిచేలోపు మా అత్తగారు అన్నారు:

"నువ్వేం బెంగెట్టుకోకు వీరా. పేపరిచ్చేదీ మా కోడలే, దిద్దేదీ మా కోడలే. నీ కొడుకు పాసయ్యే పూచీ నాది."

నేను కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలేశాను. మాది అటానమస్ కాలేజీ, పరీక్షలు మేమే పెట్టుకుంటాం. పేపరు దిద్దేది నేనేనన్న మాట నిజమే. ఎప్పుడో కూర తరుగుతూ ఆవిడతో అన్నాను.

వీరాయమ్మ గారు కళ్ళొత్తుకుని నాకు ఇంకో గరిటె నెయ్యి వేశారు.

సోమవారం క్లాసులో రంగు మారింది. "గుడ్ మార్నింగ్ మేడమ్" పోయింది. "అత్తయ్య గారండీ, మిడ్‌లో ఏవి వస్తాయో కాస్త గుర్తు పెట్టి ఇద్దురూ." "పిన్ని గారండీ, మొన్న రానందుకు ఏమనుకోకండేం." కోప్పడితే నవ్వుతున్నారు. అత్తయ్య కోప్పడితే ఎవరు భయపడతారు?

మిడ్ పరీక్ష పెట్టాను. పేపర్లు దిద్దుతూ ఒక చోట పెన్ను ఆపేశాను. ఒక లెక్కకి సంభావ్యత ఒకటీంపావు అని రాసి ఉంది. సంభావ్యత ఒకటి దాటదు. తప్పకుండా జరిగేదానికే ఒకటి. అంతకు మించి జరగడానికి ఇంకేం లేదు. ఇంటరు పిల్లలకి కూడా తెలుసు. తర్వాత పేపరు తీశాను. ఒకటీంపావు. ఆ తర్వాతదీ అంతే. రాసిన ప్రతివాళ్ళూ అదే రాశారు.

నోట్సు తెప్పించి చూశాను. ఆ లెక్క బోర్డు మీద చేసింది నేను. కూడికలో పొరపాటు నాది.

"దుర్గా, ఇది తప్పని నీకు ఆ రోజు తెలియలేదా?"

"తెలిసిందండి."

"మరి చెప్పలేదేం?"

ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది. "మీరు బోర్డు మీద రాసేరు కదండి. అందరి ముందూ కాదంటే మీకెలా ఉంటుందండి?"

"పరీక్షలోనైనా సరిగ్గా రాయొచ్చు కదా!"

"మీరు చెప్పింది ఒకటి, నేను రాసేది ఒకటి అయితే, ఎదురు చెప్పినట్టు కాదండీ?"

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పులు విసిరిన చప్పుడుకి మా అత్తగారు కంద తరగడం ఆపి తలెత్తారు.

"అత్తయ్య గారూ, మీరు వీరాయమ్మ గారికి మాటెందుకిచ్చారు?"

"ఇచ్చేను. ఏం?"

"మార్కులు వెయ్యాల్సింది నేను."

"వెయ్యి మరి. నిన్నెవరు పట్టుకున్నారు?"

"వెయ్యను. వాడికి ఒక్క ముక్క రాదు. రానివాడికి మార్కులు వెయ్యను."

ఆవిడ చేతిలో కంద ముక్క కింద పెట్టారు.

"ఈ ఇంట్లో కోడలు అత్తగారి మొహాన 'వెయ్యను' అనడం ఇదే మొదలు," అన్నారావిడ, నెమ్మదిగా. "మా అత్తగారితో నేను ఎప్పుడూ అనలేదు. తల ఊపేదాన్ని. ఊపి నాకు కావలసింది చేసుకునేదాన్ని."

"మీ వైపు పిల్లలూ అదే చేస్తున్నారు. క్లాసు నిండా అదే. ఊపి పోతున్నారు!"

ఆవిడ మళ్ళీ కంద తరగసాగారు. రాత్రి నాకు వడ్డించి, తన కంచం వంటింట్లోకి తీసుకుపోయారు. నేను ఫోనులో మోహన్‌తో చెప్తే, "ఇద్దరూ ఇద్దరే. నేను శనివారం రావాలా, వద్దా?" అన్నారు. పొద్దున్న కాఫీ ఇస్తూ మాత్రం అత్తగారు అన్నారు:

"మార్కులు వెయ్యవు. సరే. వాడికి వచ్చేలా చెయ్యి."

"చెప్తే ఆయ్ అంటాడండీ!"

"ఆదివారం వాణ్ణి ఇక్కడికి రమ్మను. నాకేం తెలీదని చెప్పు. మామ్మ గారికి ఆ లెక్కలేవిటో తెలుసుకోవాలని ఉందని చెప్పు."

మామ్మ పిలిస్తే రాకుండా ఎలా ఉంటాడు? పడవ దాటి, గెల అరటిపళ్ళు పట్టుకుని వచ్చాడు. మా అత్తగారు హాల్లో నేల మీద కొబ్బరాకులు పరుచుకుని చీపురు కోసం ఈనెలు తీస్తున్నారు. వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టారు.

"ఒరేయ్ ధర్మరాజూ, సంభావ్యతంటే ఏవిట్రా?"

వాడు నా నోట్సులోది అప్పజెప్పాడు. గుక్క తిప్పుకోకుండా.

"నాకేం అర్థం కాలేదు."

వాడు మళ్ళీ అదే అప్పజెప్పాడు.

"అబ్బాయ్, నాకు చెవుడు లేదు. వినపడింది. అర్థం కాలేదంటున్నాను."

వాడు బిక్కమొహం వేశాడు. మర్యాదకి అలవాటుపడ్డ పిల్లవాడికి, మొహం మీదే అర్థం కాలేదనే మనిషి కొత్త.

"బొమ్మా బొరుసూ ఉంటుంది కదండి..." అని మొదలుపెట్టాడు. సొంతమాటల్లో. తడబడుతూ. తలుపు పక్క నిలబడి వింటున్న నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ చెప్పేది తప్పు. ఆగలేకపోయాను.

"అలా కాదు ధర్మరాజూ..."

వాడు గభాల్న లేచి నిలబడ్డాడు. "ఆయ్, మేడమ్ గారండి."

మళ్ళీ కూర్చోలేదు. మళ్ళీ మాట్లాడలేదు. తర్వాత ఆదివారం సత్యదుర్గ కూడా వచ్చింది, అప్పుడూ అంతే. నేను వంటింట్లో ఉన్నంతసేపూ హాల్లోంచి గొంతులు. నేను గుమ్మం దాటితే "ఆయ్."

చివరికి మా అత్తగారు ఈనెల కట్ట పక్కన పెట్టారు.

"అమ్మాయ్, నువ్వు కాసేపు బయటికెళ్ళమ్మా."

"ఎక్కడికండీ?"

"ఎక్కడికైనా. మెట్ల మీద కూర్చో."

"నా ఇంట్లోంచి నన్నా?"

"వాన తగ్గింది కదా, వెళ్ళు."

వెళ్ళాను. కోపంతో ఒళ్ళు మండిపోయింది. నేను ఎమ్మెస్సీ గోల్డ్ మెడలిస్టుని. వారమంతా గొంతు చించుకున్నా కదలని పిల్లలు లోపల చీపురు ఈనెల మధ్య కూర్చుని నవ్వుతున్నారు. నేను తడి మెట్ల మీద పాత పేపరు వేసుకుని కూర్చున్నాను. కింద వాటా జయమ్మ గారు తలెత్తి, "ఏవండీ, అత్తాకోడళ్ళు గొడవ పడ్డారా?" అని ఆశగా అడిగారు.

"లేదండి. పాఠం చెప్తున్నాను," అన్నాను.

సెప్టెంబరు అలా గడిచింది. ఆదివారం ఆదివారం చెప్పుల జతలు పెరిగాయి. ఒక రోజు నేను మెట్ల మీద కూర్చున్నప్పుడు కిటికీ తెరిచి ఉంది. లోపల మాటలు స్పష్టంగా వినపడుతున్నాయి.

"మా తోటికోడలికి వరసగా నలుగురూ ఆడపిల్లలేరా," అంటున్నారు అత్తగారు. "అయిదోది కడుపులో ఉన్నప్పుడు ఊళ్ళో అందరూ, నాలుగయ్యాయి కాబట్టి ఈసారి మగపిల్లాడే అన్నారు. మీ లెక్కేమంటుంది?"

"నిజమేనండి మామ్మ గారూ," ధర్మరాజు గొంతు. "నాలుగుసార్లు ఒకటే వచ్చింది కాబట్టి ఈసారి రెండోది వచ్చే అవకాశం ఎక్కువండి."

తప్పు! పుస్తకాల్లో ఉదాహరణగా ఇచ్చే తప్పు. నేను లేచాను. ఒక మెట్టు ఎక్కాను. తలుపు మీద చెయ్యి వేశాను.

లోపల ఎవరూ మాట్లాడటం లేదు. అందరూ తల ఊపుతున్నారని నాకు తెలుసు. నా కళ్ళతో చూస్తున్నట్టే ఉంది. ఇప్పుడు వెళ్ళి సరిచేస్తే అందరూ లేచి నిలబడి ఆయ్ అంటారు. వెళ్ళకపోతే ఆ తప్పు పదిమంది బుర్రల్లో కూర్చుంటుంది.

చెయ్యి వెనక్కి తీసుకుని నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"కాదు."

సత్యదుర్గ గొంతు. చాలా చిన్నగా.

"కాదు రాజూ. తప్పు చెప్తున్నావ్. ముందు నలుగురు పుట్టేరని ఆ కడుపులో బిడ్డకి ఎలా తెలుస్తుంది?"

"తెలియక్కర్లేదు. సరాసరి సర్దుకోవాలి కదా?"

"ఎవరు సర్దుతారు?"

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. అరిచారు. ఎవడో నేల మీద గుద్దాడు. "అయిదోదీ ఆడపిల్లేరా!" అని మా అత్తగారు ఆ గోలలో అరవడం వినపడింది. నేను మెట్టు మీద కూలబడి, కళ్ళు తుడుచుకుని, జయమ్మ గారు చూస్తున్నారేమోనని కిందికి చూశాను. చూస్తున్నారు.

నవంబరులో పరీక్ష జరిగింది.

పేపర్లు దిద్దడానికి నేను ఎప్పుడూ అంత భయపడలేదు. కొందరు నిజంగా రాశారు. సొంత మాటలతో, కొట్టివేతలతో, గీతలతో. కొందరు ఎప్పటిలాగే నమస్కారములతో మొదలుపెట్టి నమస్కారములతో ముగించారు. అన్నీ కూడితే సగానికి ఒక్కరు తగ్గారు. పైపైన ఇంకోసారి చూశాను. అంచు మీద ఉన్నది ఒకే ఒక్కడు. రెండు మార్కులు తక్కువ. ధర్మరాజు.

ప్రశ్న ఇది: ఇద్దరు పిల్లలున్న కుటుంబాల్లో, కనీసం ఒక్క ఆడపిల్లయినా ఉన్న కుటుంబాన్ని ఎంచుకున్నాం. ఆ ఇంట్లో ఇద్దరూ ఆడపిల్లలే అయ్యే సంభావ్యత ఎంత?

వాడు రాశాడు: "సగం. ఒక బిడ్డ ఆడపిల్ల అయినంత మాత్రాన రెండో బిడ్డకి దాంతో సంబంధం లేదు. మా మామ్మ గారి తోటికోడలి విషయంలో ఇది రుజువైంది."

తప్పు. అక్కాచెల్లెళ్ళ ఇల్లు ఒకటి, అక్కాతమ్ముడి ఇల్లు ఒకటి, అన్నాచెల్లెలి ఇల్లు ఒకటి. మూడు రకాల ఇళ్ళలో ఒక్కటే లెక్కకొస్తుంది. మూడో వంతు. సగం కాదు.

కానీ కాపీ కొట్టిన తప్పు కాదది. వాడి బుర్రలోంచి పుట్టిన తప్పు.

గణపతి గారు ఈసారి జీడిపప్పు బిస్కెట్లు తెప్పించారు. "రెండు మార్కులేనంట కదండి? కుర్రాడు ప్రయత్నం చేసేడు కదా. ప్రయత్నానికి వేస్తే తప్పేం లేదండి. నేను ఒత్తిడి చెయ్యడం లేదు. మీ ఇష్టం. తీసుకోండి."

పేపరు ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వెయ్యొచ్చు. ఎవరూ అడగరు. నా ఉద్యోగం నిలుస్తుంది, అత్తగారి మాట నిలుస్తుంది, వాడు ఎండలో ఇనుము మొయ్యక్కర్లేదు. ఇంతా చేసి, తొలిసారి బుర్రపెట్టి ఆలోచించినవాడికి నేను చెప్పే జవాబు ఏమిటి? నువ్వెలా ఆలోచించినా ఒకటేననా? నేనూ తల ఊపేస్తున్నాననా?

సున్నా చుట్టి సంతకం పెట్టాను. ఇంటికి వచ్చేసరికి అత్తగారు నా మొహం చూశారు.

"ధర్మరాజు?"

"పోయాడండి."

"ఎంతలో?"

"రెండు మార్కుల్లో. గ్రూపు కూడా పోయినట్టే. వాడొక్కడు దాటితే మిగిలేది."

స్టవ్వు మీద పాలు పొంగుతున్నాయి. ఆవిడ కట్టేశారు. తిడతారని నిలబడ్డాను. నిజంగా, తిడితే బాగుండుననిపించింది.

"చీర మార్చుకో," అన్నారు. "కబురుతో తెలియకూడదు. మాటిచ్చిన నోటితోనే చెప్పాలి."

నీళ్ళు తగ్గాయి. కాజ్‌వే మీద ఆటోలోనే వెళ్ళాం. వీరాయమ్మ గారు మమ్మల్ని చూసి సంబరంగా లోపలికి పరిగెత్తి మంచినీళ్ళు తెచ్చారు. మా అత్తగారు గ్లాసు ముట్టుకోలేదు.

"వీరా, నా మాట పోయింది. నీ కొడుకు తప్పేడు. మా కోడలు చెయ్యాల్సిందంతా చేసింది. పూచీ పడ్డదాన్ని నేను. నన్నను."

వీరాయమ్మ గారి మొహంలో రంగు మారింది. కానీ ఆవిడా ఈ సీమ మనిషే. "అయ్యో, అదేంటండి పిన్ని గారూ. మీరేం చేస్తారండి. వాడి ఖర్మ. కూర్చోండి, కూర్చోండి. భోంచేసి వెళ్ళాలి." కొంగుతో మొహం తుడుచుకుని పీటలు వాల్చారు.

ధర్మరాజు పెరటివైపు నుంచి వచ్చాడు. వినేశాడు. అరుగు చివర నిలబడి నన్ను చూస్తున్నాడు. వాడు "ఆయ్ మేడమ్ గారండి" అంటాడని నాకు తెలుసు. ఇంత దూరం వచ్చినందుకు దండం కూడా పెడతాడు. దానికి సిద్ధపడే వచ్చాను.

"ఏ ప్రశ్నలో పోయిందండి?" అన్నాడు.

చెప్పాను.

"ఇద్దరు పిల్లల లెక్కా?"

"అవును. నువ్వు సగమని రాశావు."

"సగమే కదండి."

వాళ్ళమ్మ వెనక్కి తిరిగారు. "ఒరేయ్! మేడమ్ గారితో ఏంట్రా ఆ మాట!"

"ఉండవే వీరా," అన్నారు మా అత్తగారు. "అననీ."

వాడి చెవులు ఎర్రబడ్డాయి. కానీ చూపు దించలేదు. రెండడుగులు ముందుకొచ్చాడు.

"నలుగురు ఆడపిల్లలు పుట్టినా అయిదో బిడ్డకి సంబంధం లేదన్నారు. ఒప్పుకున్నాను. ఇక్కడ ఒక్క ఆడపిల్లే ఉంది. రెండో బిడ్డకి మాత్రం సంబంధం ఎలా వచ్చిందండి? అక్కడొక న్యాయం, ఇక్కడొక న్యాయమా? మీరు దిద్దింది తప్పండి."

ఒక్క మాట చాలు. అవును, నువ్వు చెప్పిందీ ఒక రకంగా ఒప్పే, మళ్ళీ చూస్తాను అంటే చాలు. ఫలితాలు ఇంకా నోటీసు బోర్డుకి ఎక్కలేదు. వీరాయమ్మ గారు నా వైపే చూస్తున్నారు. మా అత్తగారు మాత్రం గోదావరి వైపు చూస్తున్నారు.

"కాదు," అన్నాను.

"ఎందుక్కాదు?"

ఆ ఏడాది మొత్తంలో నన్ను ఎవరూ అడగని మాట అది. లోపల పొయ్యి మీద నూనె చిటపటలాడుతోంది. నేను కొంగు నడుముకి దోపుకుని, చెప్పులు విప్పి, వాళ్ళ అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

"రా, కూర్చో," అన్నాను. "ఇవాళ ఇద్దరిలో ఒకరు ఒప్పుకునే దాకా లేచేది లేదు."

వాడు కూర్చున్నాడు. నాకు ఎదురుగా.